మెయిలింగ్ లిస్ట్‌కు యజమాని

బెజవాడలో లైనక్స్ వాడేవాళ్ళ సంఘాన్ని మొదలుపెట్టింది సుధామణి. దాన్ని నాలుగేళ్ళపాటు పదిమందిమి కలిసి పెంచాం. చావు అంచుదాకా తీసుకెళ్ళింది మాత్రం ఒక్కడే, వెంకటప్పయ్య. అతను దుర్మార్గుడని నేను అనను. దుర్మార్గం చెయ్యడానికి కొంత తెగువ కావాలి, కొంత ఊహ కూడా కావాలి. ఆ రెండూ అతని దగ్గర లేవు. అతని దగ్గర ఉన్నది ఒక పాస్‌వర్డ్.

అప్పట్లో నేను భవానీపురంలో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ప్లైవుడ్ గదులు, టెలిఫోన్ లైను మీద నత్తలా నడిచే ఇంటర్నెట్, కరెంటు పోతే గుయ్యిమనే ఇన్వర్టరు. వెంకటప్పయ్య ఇల్లు మా వెనక వీధిలోనే. ఉయ్యూరు దగ్గర చెరకు వేసుకునే కుటుంబం వాళ్ళది. అన్నదమ్ములు పొలాలు చూసుకుంటుంటే ఇతను డిగ్రీ పూర్తిచేసి బెజవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరాడు. చేరిన నాటినుంచీ తపాల్ సెక్షనే. బయటినుంచి వచ్చిన అర్జీలు తీసుకుని, నంబరు వేసి, ఏ సెక్షన్‌కు పోవాల్సింది ఆ సెక్షన్‌కు పంపే బల్ల అది. ఆ బల్ల దగ్గర ఎవరి పనీ పూర్తికాదు. కానీ ఎవరి పనైనా అక్కడ ఆగిపోవచ్చు. ఈ సంగతి వెంకటప్పయ్య ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కనిపెట్టాడు. అతని జీవితం మొత్తానికి అతను కనిపెట్టింది అదొక్కటే.

మార్జిన్ వదల్లేదని, స్టాంపు అంటించలేదని, అధికారి హోదా తప్పు రాశారని అర్జీలు తిప్పి పంపేవాడు. ఆ కబుర్లన్నీ సాయంత్రం మా సెంటర్‌కు వచ్చి చెప్పేవాడు. అవనిగడ్డ వైపునుంచి వచ్చిన ఒక ముసలాయన్ని ఎన్నిసార్లు తిప్పాడో చెబుతూ నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. పళ్ళు కనపడకుండా, భుజాలు మాత్రం ఊపుతూ నవ్వేవాడు. లంచం తీసుకునేవాడు కాదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేవాడు కూడా. లంచం తీసుకునేవాడు కనీసం పని చేసిపెడతాడు కదా అని నాకు లోపల అనిపించేది.

తొంభైల చివర్లో ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినప్పుడు శిక్షణకు ఎవరో ఒకరు వెళ్ళాలన్నారు. మిగతా గుమస్తాలు తలో వంక చెప్పి తప్పించుకుంటే వెంకటప్పయ్యను పంపారు. ఉత్తరం టైపు చెయ్యడం, మెయిలు పంపడం నేర్చుకుని వచ్చాడు. ఆ తరువాత అతని నడకే మారింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "కంప్యూటర్స్" అనేవాడు.

సుధామణి వేరే రకం మనిషి. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. చిన్న మనిషి, పెద్ద గొంతు. స్కూటీ ఆపీ ఆపకముందే మాట్లాడటం మొదలుపెట్టేది. కంప్యూటర్ పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీలలోంచి, డబ్బు పెట్టి కొనక్కర్లేకుండా కంప్యూటర్‌ను నడిపించే ఈ లైనక్స్‌ను తీసి, పిల్లలకు ఎక్కించి చూపించి, రెండువేల సంవత్సరంలో ఈ సంఘం మొదలుపెట్టింది. ఆదివారాలు మా సెంటర్లోనే కూర్చునేవాళ్ళం. అది చాలక, రావడం వీలుకాని వాళ్ళకోసం మెయిలింగ్ లిస్ట్ తెరిచింది. అంటే ఏంలేదు, అందరికీ కలిపి ఒకే అడ్రసు. దానికి ఒక మెయిలు పంపితే చేరిన వాళ్ళందరికీ వెళుతుంది. కైకలూరులో ఒకడికి సందేహం వస్తే తెనాలిలో ఇంకొకడు జవాబు చెబుతాడు. ఇద్దరూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండరు. నాకు అది చాలా గొప్పగా తోచేది. ఇప్పటికీ తోస్తుంది.

లిస్ట్ పెరిగేకొద్దీ చెత్త రావడం మొదలైంది. లాటరీ తగిలిందని, బట్టతలకు మందని, ఎవరో ఆఫ్రికా రాకుమారుడి ఆస్తి అని. ఎవరో ఒకరు రోజూ కూర్చుని మంచి మెయిళ్ళు వదిలి, చెత్త తీసెయ్యాలి. సుధామణికి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఈ పని ఎవరు చూస్తారని ఒక ఆదివారం అడిగింది. అందరం పైకప్పు చూస్తూ కూర్చున్నాం. ఫ్యాను కింద కుర్చీలోంచి వెంకటప్పయ్య చెయ్యెత్తాడు. అప్పటిదాకా లిస్ట్‌లో అతను ఒక ప్రశ్న అడిగింది లేదు, ఒక జవాబు చెప్పింది లేదు. అతని ఇంట్లో కంప్యూటరే లేదు. అయినా పని నెత్తినేసుకునేవాడు దొరికాడని అందరం చప్పట్లు కొట్టాం.

నెల తిరిగేసరికి, ఒక లిస్ట్‌కు ఇద్దరు యజమానులుంటే గందరగోళంగా ఉంటుందని సుధామణికి చెప్పాడు. ఆవిడ పేపర్ల కట్టల మధ్య ఉండి, సరే మీ ఇష్టమండీ అని తన పేరు తీయించేసుకుంది. ఆ రోజునుంచి వెంకటప్పయ్య మెయిళ్ళ కింద పేరు తరువాత "లిస్ట్ ఓనర్" అని రావడం మొదలైంది.

ముందు నిబంధనలొచ్చాయి. వేరే దేశంలోని ఏదో సంఘం నిబంధనలను దించుకుని, కొన్ని తనవి కలిపాడు. మెయిలు ఇంగ్లీషులోనే ఉండాలి. సబ్జెక్టు సక్రమంగా ఉండాలి. రంగు అక్షరాలు వాడకూడదు. జవాబు పాత మెయిలు కిందే రాయాలి, పైన రాయకూడదు. థ్యాంక్స్ అని ఒక్క మాటతో మెయిలు పంపకూడదు. ఇందులో కొన్ని మంచివే. ఎక్కడైనా ఉండేవే. కానీ మిగతాచోట్ల నిబంధన తప్పితే ఎవరో ఒకరు మెల్లగా చెబుతారు, తరువాతిసారి సర్దుకుంటారు. వెంకటప్పయ్య చేతిలో నిబంధన పడితే మెయిలే వెనక్కి వచ్చేది. "నిబంధనలను పాటించనందున తమ మెయిలు ఇందుమూలముగా తిప్పి పంపడమైనది" అని తపాల్ సెక్షన్ ఇంగ్లీషులో రెండు వాక్యాలు, కింద నిబంధన నంబరు. ఏం సరిచెయ్యాలో మాత్రం ఉండేది కాదు. చెబితే మనిషి సరిచేసుకుని మళ్ళీ పంపిస్తాడు, అప్పుడు వదలాల్సి వస్తుంది.

రోజూ ఆఫీసు నుంచి నేరుగా మా సెంటర్‌కు వచ్చేవాడు. చొక్కా జేబులోంచి రుమాలు తీసి కీబోర్డు తుడిచి, మూల గదిలో కూర్చునేవాడు. ఒక్కో మెయిలూ చదువుతూ పెదవి విరిచేవాడు. తన కంటే ఎక్కువ తెలిసినవాళ్ళ మెయిళ్ళ దగ్గర ఆ విరుపు ఇంకొంచెం ఎక్కువగా ఉండేది. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తూ లిస్ట్‌లో కొత్తగా చేరిన ఒకాయన సర్వర్ల మీద ఎంతో ఓపిగ్గా రాసిన పెద్ద వ్యాసాన్ని ఒక్క వాక్యంలో రంగు అక్షరాలున్నాయని తిప్పి పంపాడు. ఆయన మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. "పెద్దవాళ్ళయినా రూల్ రూలే కదండీ" అని నాతో అంటూ భుజాలు ఊపాడు.

ఒక సాయంత్రం అతని భార్య శివపార్వతి ఏదో పనిమీద పిలవడానికి వచ్చింది. నిదానమైన మనిషి. గది తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, నా బల్ల దగ్గరికి వచ్చింది. ఈయన రోజూ ఇక్కడ ఏం చేస్తారని అడిగింది. ఒకళ్ళకొకళ్ళు ఉత్తరాలు రాసుకుంటారమ్మా, ఈయన చదివి, వెళ్ళొచ్చో లేదో చూసి పంపిస్తారు అని చెప్పాను.

"ఎవరో ఎవరికో రాసుకుంటే మధ్యలో ఈయనెందుకండీ?" అంది.

లోపల గదిలో అతను విన్నాడు. విననట్టు కీబోర్డు మీద వేళ్ళు కొంచెం గట్టిగా ఆడించాడు.

కాశీరావు వచ్చింది ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో. బందరు పక్కన గిలకలదిండిలో ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే కుర్రాడు. వాళ్ళది చేపలవేట కుటుంబం. నాన్న, బాబాయిలు పడవల మీదకి వెళ్ళేవాళ్ళు, ఇతను బందరులో బీకాం చదివి గట్టున ఉండిపోయాడు. ఫ్యాక్టరీ కంప్యూటర్‌కు వైరస్ పట్టి మొత్తం తుడిచిపెట్టుకుపోతే, పత్రిక సీడీతో తనే లైనక్స్ ఎక్కించుకున్నాడు. అంతా బాగానే ఉంది, ప్రింటర్ మాత్రం తూకం చీటీల మీద పిచ్చిగీతలు కొడుతోంది. ఐస్ కోసం వచ్చిన పడవల వాళ్ళు చీటీ కోసం నిలబడిపోతున్నారు. సంఘం గురించి ఎవరో చెబితే లిస్ట్‌లో చేరి, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి తన బాధ చెప్పుకున్నాడు.

మెయిలు తిరిగొచ్చింది, భాష నిబంధన ప్రకారం. తంటాలు పడి ఇంగ్లీషులో రాశాడు. సబ్జెక్టు దగ్గర "హెల్ప్" అని ఉందని మళ్ళీ తిరిగొచ్చింది. సబ్జెక్టు మార్చి, పిచ్చిగీతలు ఎలా ఉన్నాయో తెలియాలని చీటీని స్కాన్ చేయించి జతచేశాడు. జతచేసినందుకు మళ్ళీ తిరిగొచ్చింది. అప్పుడు బస్సెక్కాడు. నిబంధనల కింద మా సెంటర్ చిరునామా ఉండేది, సంఘం కలుసుకునే చోటని. దాన్ని పట్టుకుని వచ్చాడు.

వెంకటప్పయ్య అప్పుడే వచ్చి కీబోర్డు తుడుస్తున్నాడు. కాశీరావు గది దగ్గర నిలబడి నమస్కారం పెట్టాడు. చొక్కా చెమటకు వీపుకి అతుక్కుపోయి ఉంది.

"వెంకటప్పయ్యగారంటే మీరేనాండీ?"

"అవును. లిస్ట్ ఓనర్ని."

"నా మెయిలు మూడుసార్లు తిప్పికొట్టారండీ."

"నేను కొట్టలేదు బాబూ, రూల్ కొట్టింది. కూర్చో."

కూర్చోబెట్టి, ఒక్కో నిబంధనా తెర మీద చూపిస్తూ, దాని అవసరం ఏమిటో వివరించాడు. నేను బల్ల దగ్గర వేరేవాళ్ళతో మాట్లాడుతూనే వింటున్నాను. ఆఫీసులో అర్జీలు ఎలా రాయాలో కూడా మధ్యలో చెప్పాడు. తను లేకపోతే ఈ లిస్ట్ చేపల బజారు అయిపోయేదన్నాడు. ఎదుటివాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిసే అన్నాడో తెలియక అన్నాడో నేను చెప్పలేను. కాశీరావు ముఖంలో ఏమీ కదల్లేదు. అంతా విని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మర్యాదగానే అడిగాడు.

"సరేనండీ. ప్రింటర్ సంగతి మీకు తెలుసాండీ?"

"అది టెక్నికల్. నాది అడ్మినిస్ట్రేషన్."

"తెలిసినవాళ్ళకి నా మెయిలు వెళ్ళిందాండీ?"

"ఎలా వెళుతుంది? రూల్ ప్రకారం లేదుగా."

కాశీరావు లేచాడు. "ఈ రెండు ముక్కలూ ముందే రాసుంటే బస్సెక్కేవాణ్ణి కాదండీ" అని బయటికొచ్చి నా బల్ల పక్కన మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళిచ్చి సుధామణికి ఫోను చేశాను. ఆవిడ కాలేజీ నుంచి ఇంటికి పోతూ దారి మళ్ళించుకుని వచ్చింది. ప్రింటర్ పేరడిగి, ఆ కంపెనీ పేరు వెతక్కుండా జాబితాలో ఫలానా ఇంకో కంపెనీ పేరు ఎంచుకోమంది, ఆ ప్రింటర్‌కు ఆ భాషే అర్థమవుతుందని. అంతే. నిలబడే చెప్పింది. మర్నాడు కాశీరావు ఫోను చేసి చీటీలు శుభ్రంగా వస్తున్నాయన్నాడు. ఆ మాట వెంకటప్పయ్యకు చెబితే, జవాబు లిస్ట్ బయట ఇచ్చారు కాబట్టి అది రికార్డులోకి రాదన్నాడు.

అతన్ని అసహ్యించుకోవడం నాకు ఆ రోజున మొదలైంది. అంతకుముందు నవ్వుకునేవాణ్ణి. గిలకలదిండిలో పడవలు ఆగిపోయినా, ఒక కుర్రాడు ఎండలో బస్సులో నిలబడి వచ్చినా, ఈ మనిషి లోపల ఒక్క తీగ కూడా కదల్లేదు. కదలకపోవడాన్ని అతను నిష్పక్షపాతం అనుకుంటున్నాడు.

ఈ కథ ఆ నోటా ఈ నోటా పాకింది. లిస్ట్‌లో ఎవరో ఒకరు, బందరు నుంచి మెయిలు కంటే బస్సే ముందు వస్తుందని ఒక మాట విసిరారు. నిబంధనలకు లోబడే విసిరారు పాపం, సబ్జెక్టు కూడా చక్కగా పెట్టి. అప్పట్లో పాత సభ్యుల మెయిళ్ళు నేరుగా వెళ్ళేవి, కొత్తవాళ్ళవే వెంకటప్పయ్య దగ్గర ఆగేవి. ఆ రోజునుంచి అందరి మెయిళ్ళూ అతను చూశాకే వెళ్ళాలని తీర్మానించాడు. తీర్మానించాడు అంటే మరెవర్నీ అడక్కుండా ఒక గడిలో టిక్కు పెట్టాడు.

రెండువేల నాలుగులో కృష్ణా పుష్కరాలొచ్చాయి. ఊరు ఊరంతా ఘాట్లలోనే ఉంది. అన్ని ఆఫీసుల వాళ్ళనీ డ్యూటీకి వేశారు. వెంకటప్పయ్యకు మా దగ్గర్లోని ఘాట్ పడింది. మెడలో బ్యాడ్జీ, చేతికి పట్టీ, నోట్లో ఈల. సంతోషంతో మనిషి రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టు కనపడ్డాడు.

పుష్కరాలు ముగిసిన తరువాతి ఆదివారానికి సుధామణి ఒక పెద్ద కార్యక్రమం పెట్టుకుంది. ఎవరి కంప్యూటర్ వాళ్ళు తెచ్చుకుంటే దానికి లైనక్స్ ఎక్కించి, వాడటం నేర్పించి పంపడం. కాలేజీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ల్యాబు అడిగింది. పిల్లలచేత సీడీలు కాపీ చేయించింది. డెల్టాలో ఉన్న సభ్యులందరికీ తెలియడానికి ఉన్న దారి లిస్ట్ ఒక్కటే. ప్రకటన పంపింది. అది వెంకటప్పయ్య దగ్గర ఆగింది. వెంకటప్పయ్య ఘాట్‌లో ఈల ఊదుతున్నాడు.

రెండు రోజులు చూసి ఆవిడ నాకు ఫోను చేసింది. నేను జనంలో ఈదుకుంటూ ఘాట్‌కు వెళ్ళాను. తడిబట్టల మనుషులు, పిండాల విస్తళ్ళు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. తాడుకు ఇవతల ఉన్న ఒక ముసలమ్మను తాడు అవతలికి పొమ్మంటున్నాడు వెంకటప్పయ్య. విషయం చెప్పాను. ఒక్క నిమిషం సెంటర్‌కు వచ్చి ఆ మెయిలు వదలమన్నాను.

"డ్యూటీలో ఉన్నా తిరుమలగారూ, కనపడట్లేదా?"

"పోనీ పాస్‌వర్డ్ చెప్పండి, నేను వదిలేసి మళ్ళీ ముట్టుకోను."

ఈల నోట్లోంచి తీసి నన్ను ఎంత జాలిగా చూశాడో. "మీరు అడక్కూడదు, నేను చెప్పకూడదు. చదువుకున్నవాళ్ళు మీకు నేను చెప్పాలా?" అన్నాడు. మళ్ళీ ఈల ఊదాడు.

పుష్కరాలు అయ్యాక అతనికి జ్వరమొచ్చింది. ఇంటికి వెళ్ళాను. పడుకున్నాడని శివపార్వతి తలుపు దగ్గరే చెప్పింది. చెబుతూ కళ్ళు దించుకుంది. లోపల టీవీలో పుష్కరాల విశేషాలు వినపడుతున్నాయి.

ఆదివారం ల్యాబులో కంప్యూటర్ల కంటే మనుషులు తక్కువ. సుధామణి పిల్లలు, నేను, సమాచారం ఫోనులో తెలిసిన నలుగురైదుగురు. సుధామణి మధ్యాహ్నందాకా గుమ్మం వైపు చూసింది. తరువాత చూడటం మానేసి, వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని ఏమీ జరగనట్టే చెప్పుకుంటూ పోయింది. ఆ గొంతు ఆ రోజు చిన్నగా ఉంది. మంగళవారం నాడు వెంకటప్పయ్య లేచి వచ్చి ఆ ప్రకటన లిస్ట్‌కు వదిలాడు. జరగబోయే కార్యక్రమాలకు ఉపయోగపడేలా, ఇకమీదట ప్రకటనలు ముందుగా పంపాలని కింద ఒక సూచన కూడా చేర్చాడు.

ఆ వారం అందరం మా సెంటర్లో కూర్చున్నాం, అతన్ని కూడా పిలిచి. ఎవరూ గొంతు పెంచలేదు. ఇంకో ఇద్దరికి కూడా అధికారం ఇవ్వండి, మీకు వీలు కానప్పుడు వాళ్ళు చూస్తారు అని సుధామణి అడిగింది. మీ పేరు అలాగే ఉంటుందని కూడా అంది. అతను గోడమీది క్యాలెండరు చూస్తూ, ఏదైనా రాతపూర్వకంగా ఇస్తే పరిశీలిస్తానన్నాడు. సరేనని అక్కడికక్కడే అందరి పేర్లతో ఒక మెయిలు రాసి లిస్ట్‌కు పంపాం, అందరూ చూస్తారని. మర్నాడు ఆ మెయిలు తిరిగొచ్చింది. పరిపాలనా విషయాలు లిస్ట్‌లో చర్చించరాదట. అప్పటికప్పుడు ఆ నిబంధన పుట్టిందని దాని నంబరు చూస్తే తెలిసిపోయింది.

సుధామణి ఆ మెయిలు చదివి నవ్వింది. మీరెవరూ ఏమీ అనకండి అంది. నిజంగానే ఎవరం ఏమీ అనలేదు. అతన్ని దించలేదు, తిట్టలేదు, బతిమాలలేదు. వేరేచోట ఇంకో లిస్ట్ తెరిచాం. ఆవిడ పాత మెయిళ్ళలోంచి వారాల తరబడి అడ్రసులు ఏరి, ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. ముగ్గురికి తాళాలిచ్చింది, అంటే పాస్‌వర్డ్ చెప్పింది. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా పరవాలేదు, అర్థమైతే చాలు అనేదొక్కటే మొదటిరోజు నియమం. దీపావళి దాటేసరికి మనుషులంతా ఇటు వచ్చేశారు. కాశీరావు ఐస్ ఫ్యాక్టరీ ముచ్చట్లు రాసేవాడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మొదట్లో తడబడ్డా తరువాత కొత్తవాళ్ళకు అతనే జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. కొత్త లిస్ట్‌లో మొదటి రెండు మూడు నెలలు చెత్త విపరీతంగా వచ్చిపడింది. తాళాలున్న ముగ్గురూ ఎవరికి వాళ్ళు ఇంకొకళ్ళు చూస్తారులే అనుకున్నారు. బట్టతల మందు ప్రకటనలు ఇంటింటికీ చేరాయి. పాత లిస్ట్‌లో వెంకటప్పయ్య ఉండగా ఒక్కటి కూడా దాటి రాలేదు. పెళ్ళిరోజైనా, వానైనా, ఆ మూల గదిలోకి వచ్చి కూర్చునేవాడు. పుష్కరాలు, ఆ జ్వరం రోజులు తప్ప నాగా పెట్టినట్టు నాకు జ్ఞాపకం లేదు. అంత నియమం ఉన్న మనిషికి మనిషంటే ఇసుమంత ఇష్టం కూడా ఉండి ఉంటే ఎంత బాగుండేదో. లేదు. కాబట్టి నియమం కూడా వ్యర్థమే అయింది.

అతను పాత లిస్ట్‌లోనే ఉండిపోయాడు. మొదట్లో కొత్త లిస్ట్ చెల్లదని ప్రకటనలు పంపాడు. వాటికి ఎవరూ జవాబివ్వలేదు. తరువాత లిస్ట్ నిండుగా కనపడాలని తనకు దొరికిన అడ్రసులన్నీ చేర్చేశాడు. ఆఫీసుకు వచ్చిన వాళ్ళవి, పెళ్ళి శుభలేఖల మీదవి, మా సెంటర్ గోడకు అంటించిన ట్యూషన్ ప్రకటనల మీదవి కూడా. ఒక హోమియో డాక్టరు, ఒక చిట్‌ఫండ్ ఏజెంటు, తిరువూరు వైపు ఒక మామిడికాయల వ్యాపారి, తమకు తెలియకుండానే లైనక్స్ సంఘంలో సభ్యులైపోయారు. ఆ సంఖ్య చూపించి "ఫౌండర్" అని విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకున్నాడు. కొత్తగా పెట్టిన ఒక చిన్న కాలేజీవాళ్ళు ఆ కార్డు చూసి ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పారు. అక్కడ పిల్లాడెవడో లేచి ప్రశ్న అడిగితే, ప్రశ్నలు రాసి ఇవ్వమన్నాడట. ఆ ఫొటో తెచ్చి నాకు చూపించాడు. చూసి తిరిగి ఇచ్చేశాను.

సాయంత్రాలు రావడం మాత్రం మానలేదు. ఇప్పుడు వచ్చేవన్నీ చెత్త మెయిళ్ళే. ఒకరోజు అతని వెనకగా వెళుతూ తెర వైపు చూశాను. లాటరీ తగిలిందన్న ఒక మెయిలుకు, సబ్జెక్టు సక్రమంగా లేనందున తిప్పి పంపడమైనదని జవాబు రాస్తున్నాడు. తప్పులు దిద్దుకుని మరీ రాస్తున్నాడు. జాలి పడాల్సిన చోటది. నాకు జాలి కలగలేదు. ఆ శ్రద్ధలో పదోవంతు ఆ బందరు కుర్రాడి మీద పెట్టలేకపోయాడే అనిపించింది.

ఆ జవాబులు లిస్ట్‌లో అందరికీ వెళ్ళేవి, అవే చివరికి లిస్ట్‌ను ముంచాయి. అతను అడక్కుండా చేర్చినవాళ్ళు ఫిర్యాదులు చేశారు. ఉచితంగా చోటిచ్చిన కంపెనీవాళ్ళు ఒకరోజు ఆ లిస్ట్‌ను మూసేశారు. వెంకటప్పయ్య వచ్చి పాస్‌వర్డ్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రుమాలుతో కీబోర్డు తుడిచి ఇంకోసారి కొట్టాడు. నన్ను పిలిచాడు. ఇలాంటి లిస్ట్ లేదని వస్తోందండీ అన్నాడు. అవును, తీసేశారన్నాను.

"నన్ను అడక్కుండా ఎలా తీస్తారు?"

"వాళ్ళది కదండీ అది."

ఈ సంగతి అప్పటిదాకా అతనికి తట్టనేలేదని ముఖం చూస్తే తెలిసింది. కంపెనీకి ఫిర్యాదు రాసిపెట్టమన్నాడు. రాసిపెట్టాను. వెంటనే యంత్రం పంపే జవాబొకటి వచ్చింది, మీ ఫిర్యాదు అందింది, దాని నంబరు ఇదీ అని. ఆ జవాబును ప్రింటు తీయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముఖం తేటపడింది. నంబరు పడింది కాబట్టి ఇక భయం లేదన్నాడు. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఏమైందండీ అని ఎవరడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అని చెప్పేవాడు. అడిగేవాళ్ళు కూడా క్రమంగా తగ్గిపోయారు.

ఇళ్ళల్లోకే ఇంటర్నెట్ వచ్చేశాక రెండువేల తొమ్మిదిలో నేను సెంటర్ మూసేసి ఫొటోస్టాట్ షాపు పెట్టుకున్నాను. కొత్త లిస్ట్ అప్పటికి బాగా కుదురుకుంది. సుధామణి కాలేజీ పిల్లలే దాన్ని నడుపుతున్నారు. ఈ మధ్య శివపార్వతి ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చింది. ఆయన ఎలా ఉన్నారని మర్యాదకి అడిగాను. రిటైరై, కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారారట. అసోసియేషన్‌కు సెక్రటరీ ఎవరుంటారని అడిగితే ఎవరూ ముందుకు రాలేదట, ఈయన చెయ్యెత్తాడట. నీళ్ళ మోటారు గది తాళం ఇప్పుడు ఈయన దగ్గరే ఉంటుందని చెప్పి, ఆవిడ కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.